కీటోలో మైదా, గోధుమ పిండి బదులు ఏ పిండి వాడుతున్నారు? కొబ్బరి పిండితో చేసిన బ్రెడ్ ఇసుకలా రాలిపోతోంది

నీలిమేఘం:

అందరికీ నమస్తే అండి. కీటో (పిండి పదార్థాలు, అంటే కార్బ్స్, బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే డైట్) మొదలుపెట్టి ఇది ఏడో వారం. గుడ్లు, మాంసం, ఆకుకూరలు, వెన్న వీటితో నాకు ఏ ఇబ్బందీ లేదు, ఆకలి కూడా బాగా తగ్గింది, కానీ బ్రెడ్ మాత్రం మర్చిపోలేకపోతున్నా. పొద్దున్నే ఒక ముక్క చేతిలో లేకపోతే ఆ రోజు మొదలైనట్టే ఉండదు నాకు. అందుకని లో కార్బ్ పిండి ఏదైనా వాడదామని కొబ్బరి పిండి తెచ్చి, ఎప్పుడూ చేసే కొలతే, 250 గ్రాముల మైదా బదులు 250 గ్రాముల కొబ్బరి పిండి వేసి రెండు గుడ్లు, నీళ్ళు పోసి కలిపా. పోసిన నీళ్ళు పోసినట్టే పీల్చేసింది. ఇంకో గ్లాసు పోసా, అదీ పీల్చేసింది. ఓవెన్లోంచి తీసాక పైకి బ్రెడ్ లాగానే ఉంది గానీ కత్తి పెట్టగానే మొత్తం రాలిపోయింది, నోట్లో వేసుకుంటే పొడి ఇసుక, మింగడానికి నీళ్ళు తాగాల్సి వచ్చింది.

తర్వాత గ్లూటెన్ ఫ్రీ అని రాసున్న పిండి మిక్స్ ఒకటి దొరికింది. గ్లూటెన్ లేదంటే గోధుమ లేనట్టే కదా, కార్బ్స్ కూడా ఉండవనుకున్నా. దాంతో బ్రెడ్ అద్భుతంగా వచ్చింది, మెత్తగా. నాలుగు రోజులు రోజూ రెండు ముక్కలు తిన్నా. ఐదో రోజుకి కీటోన్ స్ట్రిప్ (ఒళ్ళు కీటోలో ఉందో లేదో మూత్రంతో చూసుకునే కాగితం) రంగు మారడం మానేసింది, కిలోన్నర బరువు పెరిగా, మధ్యాహ్నం అయ్యేసరికి పాత ఆకలి మళ్ళీ వచ్చేసింది. ఆరు వారాల కష్టం పోయిందేమో అని నిజంగా ఏడుపొచ్చింది.

అసలు ఏ పిండి వాడాలి, ఎంత వాడాలి, ఎందుకు ఇలా అవుతోంది, కొంచెం వివరంగా చెప్పగలరా? రోజుకి 25 గ్రాముల నెట్ కార్బ్స్ (పీచు తీసేసాక మిగిలే కార్బ్స్) లోపు ఉండాలని నా లెక్క.

—

తూకంరాళ్ళు:

ముందు ఆ కిలోన్నర గురించి కంగారు పడకండి, అది కొవ్వు కాదు. కార్బ్స్ మళ్ళీ తినగానే ఒళ్ళు వాటిని గ్లైకోజన్‌గా కండరాల్లో, లివర్‌లో దాచుకుంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజన్ తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీళ్ళు పట్టుకుంటుంది. మళ్ళీ కార్బ్స్ తగ్గించగానే ఆ నీళ్ళన్నీ పోతాయి. ఆరు వారాలది ఏమీ పోలేదు.

రెండోది, గ్లూటెన్ ఫ్రీకీ లో కార్బ్‌కీ ఏ సంబంధం లేదండి. గ్లూటెన్ అంటే గోధుమలో ఉండే ప్రోటీన్, అది తీసేసి ఆ మిక్స్‌లలో మామూలుగా వేసేది బియ్యప్పిండి, కర్రపెండలం పిండి, బంగాళదుంప పిండి లాంటివి. బియ్యప్పిండి 100 గ్రాముల్లో 80 గ్రాములు కార్బ్సే, కర్రపెండలం పిండి అయితే 88 దాకా ఉంటుంది. మైదా 76. అంటే మీరు మైదా మానేసి మైదా కన్నా ఎక్కువ కార్బ్స్ ఉన్నది తిన్నారు. రెండు ముక్కల్లో 60 గ్రాముల పిండి ఉందనుకున్నా 48 గ్రాముల కార్బ్స్, దాదాపు మీ రెండు రోజుల కోటా పొద్దున్నే అయిపోయింది. ఇలాగే మోసపోయేవి ఇంకా ఉన్నాయి: ఓట్స్ పిండి, క్వినోవా, బక్‌వీట్, శెనగపిండి. ఇవన్నీ మంచి తిండే, నేను కాదనను, కానీ శెనగపిండిలో కూడా పీచు తీసేసాక 100కి 47 దగ్గర మిగులుతుంది, కీటోలో అది సరిపడదు.

ఇక ప్యాకెట్ వెనక లేబుల్ చదవడం గురించి ఒకటి చెప్పాలి, నేను ఏడాది పాటు తప్పు చదివా. నెట్ కార్బ్స్ అంటే కార్బ్స్‌లోంచి పీచు తీసేయడం అని అందరం నేర్చుకుంటాం కదా, అది అమెరికా లేబుల్‌కి కరెక్ట్, ఎందుకంటే అక్కడ టోటల్ కార్బోహైడ్రేట్‌లో పీచు కలిపే రాస్తారు. యూరప్ లేబుల్ మీద కార్బోహైడ్రేట్ అంటే పీచు ముందే తీసేసిన అంకె. దాంట్లోంచి మళ్ళీ పీచు తీసేస్తే రెండు సార్లు తీసినట్టు, ఏమీ లేదనుకుని తినేస్తాం. కొబ్బరి పిండి ప్యాకెట్లు రెండు పక్కపక్కన పెట్టి చూసాకే నాకు అర్థమైంది. ఒకదాని మీద కార్బ్స్ 60, పీచు 38, ఇంకోదాని మీద కార్బ్స్ 22, పీచు 38, మిగతా అంతా ఒకటే, ప్రోటీన్ 19, కొవ్వు 15. అన్నీ కలిపి చూడండి, మొదటిది 132 వస్తుంది, 100 గ్రాముల్లో 132 గ్రాములు ఉండటం కుదరదు కాబట్టి పీచు కార్బ్స్ లోపలే ఉందని. రెండోది 94, మిగిలింది తేమ, ఉప్పు ఖనిజాలు, కాబట్టి అక్కడ పీచు విడిగా ఉంది, తీసేయకూడదు. రెండింట్లోనూ అసలు నెట్ కార్బ్స్ 22 మాత్రమే. ఏ దేశం ప్యాకెట్ అయినా ఈ కూడిక ఒక్కటి వేసుకోండి చాలు.

ఇంకోటి, కప్పులు మానేసి గ్రాముల్లో తూకం వేయండి. ఈ డైట్ పుట్టిందే తూకం మీద. 1921లో మాయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ దీన్ని మూర్ఛ రోగుల కోసం మొదలుపెట్టారు, ఇప్పటికీ మూర్ఛ ఉన్న పిల్లలకి క్లాసిక్ పద్ధతిలో ఒక గ్రాము ప్రోటీన్, కార్బ్స్ కలిపిన దానికి 4 గ్రాముల కొవ్వు అని గ్రాము లెక్కన తూచే పెడతారు. మనకి అంత పట్టింపు అక్కర్లేదు గానీ కప్పులో నొక్కి పోసిన పిండికీ వదులుగా పోసిన పిండికీ తేడా చాలా ఉంటుంది.

—

పొయ్యిదగ్గర:

నీలిమేఘం గారూ, మీ కొబ్బరి పిండి కథ చదువుతుంటే నా వంటింట్లోనే జరిగినట్టుంది. ఆ పిండి తప్పు కాదండి, కొలత తప్పు. కొబ్బరి పిండి అంటే కొబ్బరి పాలు తీసేసాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి ఆడించింది, అందులో మూడో వంతుకి పైగా పీచే కాబట్టి స్పాంజిలా పీలుస్తుంది. మైదా బదులు అంతే కొబ్బరి పిండి అనేది ఎప్పటికీ కుదరదు. ఒక కప్పు బాదం పిండి వేసే చోట కొబ్బరి పిండి పావు కప్పు, మహా అయితే మూడో వంతు. నేనైతే 30 గ్రాముల కొబ్బరి పిండికి ఒక గుడ్డు లెక్క వేసుకుంటా, కలిపాక పది నిమిషాలు అలా వదిలేస్తా, అప్పుడు అది తాగాల్సింది తాగేసి అసలు చిక్కదనం తెలుస్తుంది, అప్పుడు కావాలంటే ఇంకో రెండు చెంచాల నీళ్ళు. కలిపిన వెంటనే పల్చగా ఉందని ఇంకా పిండి వేసామా అయిపోయినట్టే.

అసలు విషయం ఏంటంటే గోధుమ పిండి ఒక్కతే మూడు పనులు చేస్తుంది, పట్టి ఉంచుతుంది, పొంగనిస్తుంది, మెత్తగా నమిలేలా చేస్తుంది. అవన్నీ గ్లూటెన్ వల్ల. కీటో పిండి ఏ ఒక్కటీ ఆ మూడూ చేయలేదు, అందుకే ఒక్క పిండితో బ్రెడ్ చేద్దామనుకుంటే నిరాశే. రెండు మూడు కలపాలి. బాదం పిండి బలం, రుచి ఇస్తుంది, 100 గ్రాములకి నెట్ కార్బ్స్ 10 లోపు. కొబ్బరి పిండి తడి పీల్చి గట్టితనం ఇస్తుంది. ఇసబ్గోల్ పొట్టు జిగురు ఇస్తుంది, గ్లూటెన్ పని సగం చేసేది అదే, దాదాపు అంతా పీచే కాబట్టి కార్బ్స్ భయం లేదు. అవిసె గింజల పొడిలో అయితే 100 గ్రాముల్లో 29 గ్రాముల కార్బ్స్‌కి 27 పీచు, అంటే నెట్ 2 దగ్గరే, కానీ ఒక్కదాన్నే వేస్తే కొంచెం చేప వాసన లాంటిది వస్తుంది, పాతబడితే మరీను. గింజలు కొనుక్కుని ఎప్పటికప్పుడు మిక్సీలో ఆడించుకోండి. గుడ్డు తిననివాళ్ళకి ఒక చెంచా అవిసె పొడి, మూడు చెంచాల నీళ్ళు కలిపి పావుగంట ఉంచితే ఒక గుడ్డు బదులు పనికొస్తుంది, పొంగదు గానీ పట్టి ఉంచుతుంది.

బాదం పిండి కొనేటప్పుడు తొక్క తీసి మెత్తగా ఆడించింది చూడండి. తొక్కతో ఆడించింది ముతకగా ఉంటుంది, కుకీలకి బాగుంటుంది, బ్రెడ్‌కి బరువు.

నేను వారానికి ఒకసారి చేసే బన్నులు చెప్తా, మీరు ముందు ఇవి చేయండి. బాదం పిండి 150 గ్రాములు, ఇసబ్గోల్ మిక్సీలో మెత్తగా ఆడించింది 40 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు, ఉప్పు ఒక టీస్పూన్, ఇవి పొడిగా ఉన్నప్పుడే బాగా కలపాలి, లేకపోతే ఇసబ్గోల్ ఉండ కట్టి బన్నులో జెల్లీ ముక్కలా తగుల్తుంది. దాంట్లో మూడు గుడ్ల తెల్లసొన, రెండు టీస్పూన్ల వెనిగర్ వేసి కలిపి, చివర్లో మరిగిన నీళ్ళు 240 మిల్లీలీటర్లు పోస్తూ అర నిమిషం గబగబా తిప్పాలి. ముందు జావలా ఉంటుంది, భయపడొద్దు, చూస్తుండగానే చేతికి అంటకుండా ముద్ద కడుతుంది. చెయ్యి తడి చేసుకుని ఆరు ఉండలు చేసి, దూరం దూరంగా పెట్టి, 175 డిగ్రీల్లో 50 నుంచి 60 నిమిషాలు. కింద తట్టి చూస్తే డొల్ల శబ్దం రావాలి. మొత్తంలో నెట్ కార్బ్స్ 18, 19 దగ్గర, ఒక్కో బన్నుకి 3 గ్రాములు.

పూర్తిగా చల్లారేదాకా కొయ్యకండి. వేడిగా కోస్తే లోపల జిగటగా ఉడకనట్టే ఉంటుంది, చల్లారుతున్నప్పుడే అది గట్టిపడేది. ఇది నేను ఎంత చెప్పినా ఎవరూ వినరు.

—

వెన్నెలవాన:

పొయ్యిదగ్గర అక్కా, మా చిన్నోడికి బాదం, జీడిపప్పు లాంటి నట్స్ ఎలర్జీ, ఇంట్లోకి బాదం పిండి ప్యాకెట్ కూడా రానివ్వను. నేను కీటోలో ఉన్నా, వాడు కాదు, కానీ ఒకే వంటిల్లు కదా. పొద్దుతిరుగుడు గింజల పిండి బాదం బదులు అంతే కొలత వేయొచ్చని చదివి నిన్న మఫిన్స్ చేసా. రుచి బాగుంది, కానీ సాయంత్రానికి లోపలంతా ఆకుపచ్చగా అయిపోయాయి!! బూజు అనుకుని మొత్తం పారేసా. అది పాడైపోయిందా? లూపిన్ పిండి కూడా చూసా, కార్బ్స్ చాలా తక్కువ అంటున్నారు, అది వాడొచ్చా?

—

పొయ్యిదగ్గర:

అయ్యో పారేసారా, అవి శుభ్రంగా తినొచ్చు తల్లీ. పొద్దుతిరుగుడు గింజల్లో క్లోరోజెనిక్ ఆసిడ్ ఉంటుంది, అది బేకింగ్ సోడా తగిలితే చల్లారాక ఆకుపచ్చగా మారుతుంది, బూజు కాదు, హాని లేదు. ఈసారి సోడా తగ్గించి ఒక చెంచా నిమ్మరసమో వెనిగరో వేయండి, రంగు మారదు. నెట్ కార్బ్స్ 100కి 11 చిల్లర, బాదంకి దగ్గరే. ఇంట్లో ఆడిస్తే మిక్సీ ఆపి ఆపి తిప్పండి, వరసగా తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది.

లూపిన్ మాత్రం మీ ఇంట్లో వద్దు, కనీసం డాక్టర్ని అడక్కుండా వద్దు. అది వేరుశెనగ కుటుంబం, పప్పు జాతి. వేరుశెనగ ఎలర్జీ ఉన్నవాళ్ళలో కొందరికి లూపిన్ కూడా పడదు, యూరప్‌లో ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాల్సిన 14 ఎలర్జీ పదార్థాల్లో అదీ ఒకటి. ఎలర్జీ లేనివాళ్ళకి మంచి పిండే, ప్రోటీన్, పీచు రెండూ 40 చొప్పున ఉంటాయి, కొంచెం చేదు తగుల్తుంది. బాబు విషయంలో ప్రయోగాలు మాత్రం చేయొద్దు. పొద్దుతిరుగుడు, నువ్వుల పిండి కూడా కొంతమంది పిల్లలకి పడవు కాబట్టి వాడికి కొత్తగా ఏది పెట్టాలన్నా ముందు అడిగే పెట్టండి.

—

నెమ్మదినడక:

నాది షుగర్ వైపు నుంచి ఒక మాట. టైప్ 2, తొమ్మిదేళ్ళు. కీటో మొదలుపెట్టే ముందే డాక్టర్ దగ్గరికి వెళ్తే నా మాత్రల్లో రెండు మార్చారు. ఇన్సులిన్ వాడేవాళ్ళు, షుగర్ తగ్గించే కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళు కార్బ్స్ ఒక్కసారి తగ్గిస్తే షుగర్ మరీ పడిపోతుంది. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చే మాత్రలు వాడుతూ కీటో చేస్తే ఇంకా ప్రమాదం, షుగర్ మామూలుగానే కనపడుతూ కీటో ఆసిడోసిస్ (కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లంగా మారడం) రావచ్చు. దయచేసి ఎవరూ సొంతంగా చేయకండి.

పిండి సంగతికొస్తే నేను లేబుల్ కన్నా నా గ్లూకోమీటర్‌నే నమ్ముతా. తినే ముందు ఒకసారి, గంటకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి చూసుకుని పుస్తకంలో రాసుకుంటా. బాదం పిండి బన్ను తింటే నాకు 10 పాయింట్లు కూడా పెరగదు. అదే కీటో అని రాసున్న రెడీమేడ్ బ్రెడ్ ఒకటి, ముక్కకి 1 గ్రాము నెట్ కార్బ్ అని ఉంది, రెండు ముక్కలు తింటే 104 ఉన్నది గంటకి 158 అయింది. మళ్ళీ ఇంకో రోజు చూసా, అదే కథ. దాంట్లో మార్పు చేసిన గోధుమ స్టార్చ్ ఉంది, దాన్ని పీచు లెక్కలో వేసేశారు. కొందరికి అది అరగదేమో, నాకు మాత్రం అరుగుతోంది. స్వీట్ బిస్కెట్లు చేసుకునేవాళ్ళు కూడా చక్కెర బదులు వేసే మాల్టిటాల్ ఉన్నది వాడొద్దు, షుగర్ ఫ్రీ అని రాసినా అది షుగర్ పెంచుతుంది. ఎరిత్రిటాల్ నాకు పెంచలేదు.

ఇంకా ఒకటి, బాదం పిండి కీటో కదా అని ఎంతైనా తినేయొచ్చు అనుకోవద్దు. 100 గ్రాములంటే దాదాపు 600 క్యాలరీలు, మైదా 360 దగ్గరే. రోజూ కుకీలు, కేకు, బ్రెడ్ అన్నీ బాదంతోనే చేసుకుని మూడు నెలలు నా బరువు ఒక్క కిలో కూడా కదల్లేదు. కిడ్నీలో రాళ్ళు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త, బాదంలో రాళ్ళకి కారణమయ్యే ఆక్సలేట్లు బాగా ఎక్కువ. నేను ఇప్పుడు పిండి వంటలు వారానికి రెండు రోజులే పెట్టుకున్నా, మిగతా రోజులు గుడ్లు, కూరలు. మీరు రోజూ పొద్దున్నే బ్రెడ్ ఉండాలి అన్నారు కదా నీలిమేఘం గారూ, ఒక్క బన్నుతో ఆగగలిగితే ఇబ్బంది లేదు, ఆగలేకపోతే ఇంట్లో చేసి ఉంచొద్దు అంటా నేను.

—

తూకంరాళ్ళు:

నెమ్మదినడక గారి మీటర్ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ఒక్క దగ్గర మాత్రం వేరేగా అనుకుంటున్నా, బ్రెడ్ అసలు ఇంట్లో ఉండొద్దు అంటే చాలామంది రెండో నెలలోనే డైట్ వదిలేస్తారు. నేను బన్నులు చేసిన రోజే కోసి విడివిడిగా ఫ్రీజర్లో పెట్టేస్తా, ఒకటి తీసి టోస్టర్లో వేసుకోవాలంటే పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలే నన్ను రెండోది తినకుండా ఆపుతాయి. పిండి ప్యాకెట్లు కూడా తెరిచాక ఫ్రిజ్‌లోనే పెట్టాలి, వీటిలో ఉన్నది నూనె, బయట పెడితే కనురు వాసన వచ్చేస్తుంది.

ఇసబ్గోల్ వాడేవాళ్ళు నీళ్ళు బాగా తాగండి, లేకపోతే కడుపు బిగుసుకుపోతుంది. మాత్రలు వేసుకునేవాళ్ళు వాటికీ ఈ బన్నులకీ రెండు గంటలు ఎడం ఉంచుకుంటే మంచిది, జిగురు మందుని సరిగ్గా ఒంటబట్టనివ్వదు.

—

నీలిమేఘం:

అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే అండి. పది రోజులైంది, గ్లూటెన్ ఫ్రీ మిక్స్ ఎవరికో ఇచ్చేసా, మూడో రోజుకే ఆ కిలోన్నర దిగిపోయింది, తూకంరాళ్ళు గారు చెప్పినట్టే. నా కొబ్బరి పిండి ప్యాకెట్ కూడిక వేసి చూస్తే 96 వచ్చింది, అంటే పీచు విడిగా ఉన్న లేబుల్, నేను మాత్రం 21లోంచి 39 తీసేసి సున్నా అనుకుంటూ తిన్నా ఇన్నాళ్ళూ.

బన్నులు రెండు సార్లు చేసా. మొదటిసారి ఆగలేక వేడిగా కోసేసా, అక్క చెప్పినట్టే లోపల జిగట. రెండోసారి రాత్రి చేసి గుడ్డ కప్పి పడుకున్నా, పొద్దున్న కోస్తే లోపల చిన్న చిన్న గదులతో నిజం బ్రెడ్ లాగానే ఉంది, పెనం మీద వెన్నతో కాల్చుకుంటే అంచులు కరకరలాడాయి. ఏడు వారాల తర్వాత ఆ శబ్దం విన్నా.

ఒక్క డౌట్, లోపల కొంచెం ఊదా రంగులో వచ్చింది, మధ్యలో పెద్ద ఖాళీ కూడా ఉంది ఒకదాంట్లో. ఎందుకంటారు?

—

పొయ్యిదగ్గర:

ఊదా రంగు ఇసబ్గోల్‌దే, కొన్ని బ్రాండ్లు ఓవెన్లో అలా మారతాయి, ఏం కాదు తినేయండి. ఇష్టం లేకపోతే తెల్లగా ఉన్న పొట్టు కొనుక్కుని ఇంట్లో ఆడించుకోండి, నాకు దాంతో ఎప్పుడూ రాలేదు. మధ్యలో ఖాళీ వచ్చిందంటే నీళ్ళు ఎక్కువయ్యాయి, లేదా ఓవెన్ బాగా వేడెక్కకుండానే లోపల పెట్టేశారు. ఈసారి 20 మిల్లీలీటర్లు తగ్గించి చూడండి, ఇసబ్గోల్ కప్పుతో కాకుండా తూచే వేసారు కదా?

—

నీలిమేఘం:

తూచలేదు అక్కా, చెంచాలతో కొలిచా. త్రాసు రేపు వస్తోంది, ఆదివారం మళ్ళీ చేసి చెప్తా.